మూడు సుద్ద చుక్కలు

అంకె తొమ్మిది దగ్గర ఆగింది. ఆగిందని కూడా అనలేం. తొమ్మిదీ పాయింటు ఒకటి, తొమ్మిదీ పాయింటు రెండు, మళ్లీ ఒకటి అంటూ ఎర్రగా మినుకుమంటూ కూర్చుంది. పద్మలత పెన్ను మూత తీసింది గానీ రిజిస్టర్లో రాయలేదు. ఇంకో రెండు నిమిషాలు చూసింది. రెప్పవేయకుండా చూసినంత మాత్రాన పొయ్యి మీది పాలు పొంగడం మానతాయా? ఇదీ అంతే.

ఊరగాయ జాడీలో తడి గరిటె ఒక్కసారి తగిలితే చాలు కదా, జాడీ మొత్తం బూజు పడుతుంది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో ఉన్న ఆ గ్యాస్ కంపెనీలో నైట్రోజన్ సంగతీ అలాంటిదే. సిలిండర్ నిండా నైట్రోజనే ఉన్నా, అందులో ఆక్సిజన్ ఇసుమంత కలిస్తే మందుల కంపెనీలవాళ్లు ముట్టుకోరు. ఇసుమంత అంటే ఎంతనుకున్నారు? పది లక్షల పాళ్లలో అయిదు పాళ్లు. అయిదు దాటిందా, ఆ సిలిండర్‌ని గాలిలోకి వదిలేసి మళ్లీ మొదటినుంచీ నింపుకోవాల్సిందే. ఆ అయిదు పాళ్లను పట్టి చూపించే మిషన్ ముందు పద్మలత పదకొండేళ్లుగా కూర్చుంటోంది. టిఫిన్ డబ్బా అంత మిషన్. పేరు ఆక్సిజన్ ఆనలైజర్. షెడ్డులో అందరూ మిషన్ అనే అంటారు.

వెనకనుంచి సిద్దయ్య వచ్చి నిలబడ్డాడు. బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి మోకాలికి సెలవిచ్చినట్టు నిలబడ్డాడు. యాభై ఏడేళ్ల మనిషి. ఈ షెడ్డులో సిలిండర్లు నింపడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు.

"ఎంతొచ్చింది బిడ్డా?"

"తొమ్మిది, కాకా."

"గిదీ పాయెనా!" అన్నాడు. అని, సిలిండర్ మెడ మీద తను పెట్టిన సుద్ద చుక్కల కేసి చూశాడు. మూడు చుక్కలు, బియ్యపు గింజల్లా వరసగా.

ఆ చుక్కల కథ చెప్పాలి. ఖాళీ సిలిండర్ తిరిగొచ్చినప్పుడు అందులో కాస్తో కూస్తో గాలి ఉంటుంది. దాన్ని పంపుతో బయటికి లాగాలి. లాగి, కొంచెం నైట్రోజన్ పోసి, మళ్లీ లాగాలి. అలా మూడుసార్లు, ఒక్కోసారీ ఇరవై నిమిషాలు. బియ్యం మూడు నీళ్లు కడిగినట్టన్నమాట. ఒక్కో కడుగుడుకూ సిద్దయ్య సిలిండర్ మెడ మీద ఒక చుక్క పెడతాడు. పెట్టమని ఎవరూ చెప్పలేదు. మూడు చుక్కలు పడందే ఆయన చేతిలోని సిలిండర్ నింపే చోటికి కదలదు. ఇక నింపుతున్నంతసేపూ మధ్యమధ్య వచ్చి దాని పొట్టకు చేతి వెనకవైపు ఆనించి చూస్తాడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. గ్యాస్ ఎక్కుతుంటే సిలిండర్ వెచ్చబడుతుంది. చల్లగా ఉందంటే ఎక్కడం లేదని.

అలాంటి చేతిలోంచి వారం రోజులుగా పనికిరాని సిలిండర్లు వస్తున్నాయి. ఆ రోజు బుధవారం, అది నాలుగోది.

రఘునందన్ వచ్చాడు. క్వాలిటీ చూసే కుర్రసారు, తణుకు వైపు మనిషి, పేట్ బషీరాబాద్‌లో ఫ్లాటు. ఆర్నెల్ల క్రితం చేరాడు. చొక్కా చేతులు ఎప్పుడూ మడవడు, గొంతు ఎప్పుడూ పెంచడు.

"ఎంతండీ పద్మలతగారూ?"

"తొమ్మిది సార్."

"క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు?"

"సోమారం చేసిన సార్. మల్ల జేయమంటే జేస్త."

"చెయ్యండి. నేనూ చూస్తాను."

పద్మలత పానా అందుకుంది. బల్ల పక్కనే గొలుసు కట్టి ఒక చిన్న సిలిండర్ ఉంటుంది. అందులో ఆక్సిజన్ ఎంతుందో దాన్ని అమ్మిన కంపెనీవాళ్లు ముందే కొలిచి, కాగితం మీద రాసి, దాని మెడకు కట్టి పంపుతారు. ఎనిమిదీ పాయింటు రెండు. ఆ గ్యాస్‌ని మిషన్‌కి చూపిస్తే మిషన్ కూడా ఎనిమిదీ రెండే అనాలి. కిరాణా కొట్టువాడు తూకం రాళ్లు సరిచూసుకున్నట్టే.

ముందు మిషన్ లోపలి గడియను మూసింది. లోపలుండే గుండెకాయకు బయటిగాలి సోకకూడదు. సోకిందంటే అంకె వేలల్లోకి పోయి, కిందికి దిగేసరికి ఒక పూట పడుతుంది. తర్వాత చిన్న సిలిండర్ నుంచి వచ్చే దీపపు వత్తంత స్టీలు గొట్టాన్ని కొంచెం గ్యాస్ వదిలి కడిగింది. నట్టు బిగించింది. వేలితో బిగినంత బిగించి, పానాతో పావు తిప్పు. అంతకు మించి తిప్పితే నట్టు గొట్టాన్ని కొరుకుతుంది, తక్కువైతే గాలి పీలుస్తుంది. పావు తిప్పు దగ్గర ఆమె మణికట్టు తనంతట తనే ఆగిపోయింది. గడియ తెరిచింది. గ్యాస్ జోరు చూపే గాజు గొట్టంలో గోళీ లాంటి చిన్న బంతి లేచి, అర గీత దగ్గర నిలబడి వణికింది.

ఇరవై నిమిషాలు ముగ్గురూ అంకె కేసి చూస్తూ నిలబడ్డారు. రేకుల కప్పు ఎండకు టక్కుటక్కుమంటోంది.

ఎనిమిదీ ఒకటి. ఎనిమిదీ రెండు. అక్కడ ఆగింది.

"చూశారా," అన్నాడు రఘునందన్, నొచ్చుకుంటున్నట్టే. "మిషన్ సరిగ్గానే ఉందండీ. మిషన్ అబద్ధం చెప్పదు కదా."

సిద్దయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "మూడుసార్లు గుంజిన సార్. గడియారం సూసుకుంటనే గుంజిన. గా సుక్కలు సూడుండ్రి."

"చుక్కలు ఎవరైనా పెట్టొచ్చు సిద్దయ్యగారూ."

మాట మెత్తగానే అన్నాడు. మెత్తటి మాట అయినంత మాత్రాన తగలకుండా పోతుందా? సిద్దయ్య చేతిలోని సుద్దముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. మళ్లీ తీసి చూసుకుని, మళ్లీ వేసుకున్నాడు.

"ఒక పని చేద్దాం," అన్నాడు రఘునందన్. "ఈ సాయంత్రం బాలేష్‌ని నింపమందాం. పొద్దున్నే చూద్దాం."

బాలేష్ ఈ మాట వింటూనే గతుక్కుమన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, లోడింగు పని చేస్తాడు, నింపడం సిద్దయ్య దగ్గరే నేర్చుకున్నాడు. "నేనా సార్? కాకా ఉండంగ నేనెట్ల నింపుత?"

"నింపురా," అన్నాడు సిద్దయ్య. "మూడుసార్లు గుంజుడు మర్వకు."

రఘునందన్ వెళ్లిపోయాక పద్మలత సిలిండర్లు చూసే పైపు మళ్లీ బిగించింది. అది నీలం రంగు ప్లాస్టిక్ పైపు, నాలుగు గజాల పొడవు. బల్ల దగ్గర మొదలై, నేలమీద పాకి, సిలిండర్ల వరస దాకా పోతుంది. అంతకుముందు గజం స్టీలు గొట్టమే ఉండేది. ప్రతి సిలిండర్‌నీ వంచి, అంచు మీద దొర్లించుకుంటూ సిద్దయ్య బల్ల దాకా తేవాల్సి వచ్చేది. ఒకప్పుడు చేతికొకటి చొప్పున రెండేసి దొర్లించిన మనిషే. పద్దెనిమిది రోజుల కిందట మోకాలు బూరెలా వాచి, సిలిండర్ ఆనుకుని నిలబడి కళ్లు మూసుకున్నాడు. అది చూసి పద్మలత స్టోరులో పడి ఉన్న ఈ పైపు తెచ్చి బిగించింది. "ఇగ నువ్వు దొర్లించకు కాకా, గాడనే ఉంచు, గ్యాసే నా దగ్గరికొస్తది," అంది. ఎవర్నీ అడగలేదు. అడగడానికేముంది అందులో అనుకుంది.

*

గురువారం పొద్దున ఎనిమిదికి, ఇంకా చల్లగా ఉండగానే, బాలేష్ నింపిన సిలిండర్లు రెండూ చూశారు. నాలుగున్నర ఒకటి, నాలుగూ పాయింటు ఆరు ఒకటి. రెండూ అయిదు లోపే.

బాలేష్ మొహంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. సిద్దయ్యను చూడగానే ఆరిపోయింది. "కాకా, నువ్వు జెప్పినట్లే జేసిన. ఎక్వ తక్వ ఏం జెయ్యలే," అన్నాడు, దొంగతనం చేసినవాడిలా.

"మంచిగ జేసినవ్ రా. మొకం గట్ల వెట్టకు, పెండ్లిల ఇస్తరాకు గుంజుకున్నట్లు," అన్నాడు సిద్దయ్య. నవ్వాడు కూడా. పద్మలత రిజిస్టరు కేసి తల తిప్పుకుంది.

రఘునందన్ సిద్దయ్యను తన గదిలోకి పిలిచి చెప్పాడు. సోమవారం నుంచి నింపే పని బాలేష్‌ది. సిద్దయ్య గేటు పక్క నీడలో కూర్చుని వాల్వు మూతలు తుడవాలి. జీతంలో తేడా ఉండదు. ఒక కాగితం మాత్రం రాసివ్వాలి, అజాగ్రత్త వల్ల జరిగిందని. ఆడిట్‌లో అడుగుతారట.

"ఆయనకి కూర్చునే పనే కదండీ, మోకాలికి కూడా మంచిదే," అన్నాడు బయటికొచ్చి పద్మలతతో. నిజంగానే మంచి చేస్తున్నానని అతని నమ్మకం.

మధ్యాహ్నం తిండి దగ్గర సిద్దయ్య సద్ది విప్పి, రొట్టె తుంచి, ఆ తుంచిన ముక్క చేతిలోనే పెట్టుకుని నింపే చోటు కేసి చూస్తూ కూర్చున్నాడు. అక్కడ పద్నాలుగు వాల్వులున్నాయి. ఏది గట్టిగా తిరుగుతుందో, ఏది గీ అని అరుస్తుందో ఆయనకు తెలుసు. అయిదో నంబరు వాల్వుకు ముసలామె అని పేరు పెట్టాడు, బతిమాలితేగానీ కదలదని.

సాయంత్రం పద్మలత షేర్ ఆటో దిగి గుండ్లపోచంపల్లిలో ఇంటికి చేరేసరికి ఇల్లంతా గోల. కూతురు నయన ఏడుస్తోంది. ఆదివారం ఎనిమిదో ఏడు నిండింది దానికి. ఆనాడు గోడకు కట్టిన బుడగలు వాడిపోయి, ముడతలు పడి, మామిడి తెంకల్లా వేలాడుతున్నాయి.

"అవ్వే గాలి దీసింది మమ్మీ!"

"నేనెందుకు దీస్తనే? నా నోట్ల పండ్లే లెవ్వు, ముడి ఎట్లిప్పుత?" అంది అత్తగారు వజ్రమ్మ, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

పద్మలత ఒక బుడగ అందుకుంది. ముడి చూసింది. తను కట్టిన ముడే. దారం రెండు చుట్లు. గోటితో లాగినా కదలలేదు. చిరుగు లేదు, చిల్లు లేదు. నీళ్ల బకెట్‌లో ముంచి పిసికింది. ఒక్క నీటిబుడగైనా పైకి రాలేదు.

"ముడి గట్టిగనే ఉన్నది అత్తమ్మా. మరి గాలెట్ల పాయె?"

"తోలు పల్చగుంటె ఎల్లిపోదా బిడ్డా? కుండల నీళ్లు ఊరిపోతయ్, కుండకు బొక్కుంటదా? ఎండకాలం ఇంకింత జల్దీ ఊరుతయ్," అంది వజ్రమ్మ, చిక్కుడుకాయ నార తీసి పారేస్తూ.

పద్మలత బకెట్ ముందు అలాగే గొంతుక్కూర్చుంది. చేతిలో ముడతల బుడగ. నయన ఏడుపు ఆపి తల్లి మొహంలోకి వంగి చూసింది. "మమ్మీ, నువ్వేడ్వకు. కొత్తయి కొనుక్కుందాం."

*

శుక్రవారం ఆమె ముందు సబ్బునీళ్లు కలిపింది. బల్ల దగ్గరనుంచి వరస దాకా ఉన్న ప్రతి నట్టుకూ కుంచెతో రాసింది. ఎక్కడా నురగ పొంగలేదు. బిగింపులన్నీ గట్టివే. మామూలుగానైతే ఆ మాటకు సంతోషించాలి. ఆమె నీలం పైపు కేసి చూసింది.

మధ్యాహ్నం రెండింటికి, రేకులు మండుతున్న వేళ, సిద్దయ్య చివరగా నింపిన సిలిండర్‌కి పైపు తగిలించింది. నీలం పైపు మీద తలుపు సందులోంచి ఎండ నిలువునా పడుతోంది. ముట్టుకుంటే కాలింది. అంకె తొమ్మిది.

ఎప్పుడో మిషన్ చూడటానికి వచ్చిన మెకానిక్ ఒకాయన చాయ్ తాగుతూ ఒక మాట చెప్పాడు. అంకె మీద అనుమానమొస్తే గ్యాస్ జోరు పెంచి చూడమ్మా, అన్నాడు. ఆక్సిజన్ సిలిండర్‌లోనే ఉంటే అంకె కదలదు. దారిలో ఎక్కడన్నా చొరబడుతుంటే అంకె పడిపోతుంది. చిటికెడు ఉప్పు గ్లాసు మజ్జిగలో వేస్తే నాలుకకు తగులుతుంది, చెంబెడు మజ్జిగలో వేస్తే తెలియదు. అంతే లెక్క.

పద్మలత గుబ్బ తిప్పింది. గాజు గొట్టంలో బంతి అర గీత దాటి, ఒకటో గీత దగ్గరికి లేచింది. ఆమె రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఎనిమిది. ఏడూ పాయింటు రెండు. ఆరు. అయిదున్నర.

ఉప్పు మజ్జిగలో లేదు. దారిలో పడుతోంది. ఏ నట్టు దగ్గరా కాదు, నాలుగు గజాల పైపు ఒళ్లంతా, తోలులోంచి. ఎండెక్కేకొద్దీ ఎక్కువగా, ఎండలు ముదిరిన ఈ వారంలో మరీను. బాలేష్ సిలిండర్లు పొద్దున చల్లటి వేళ చూశారు, నెగ్గాయి. కాకావి రోజూ ఎండవేళ చూస్తున్నారు, ఓడుతున్నాయి. మిషన్ అబద్ధం చెప్పలేదు నిజమే. దానికి అందిన గ్యాస్ సంగతే అది చెప్పింది.

రిజిస్టరు వెనక్కి తిప్పింది. ఇరవై రోజుల ముందు వరకూ రెండు, రెండు, రెండూ ఒకటి. పైపు మార్చిన రోజు నాలుగు. తన చేతిరాతే. అయిదు లోపే కదా అని ఆ రోజు తనే పేజీ తిప్పేసింది.

పరుగులాంటి నడకతో వరస దగ్గరికి పోయింది. సిద్దయ్య అయిదో నంబరు వాల్వుకు నూనె గుడ్డ రాస్తున్నాడు.

"కాకా! నీ తప్పు గాదు. నాది. గా పైపు..."

"మెల్లగ," అన్నాడు సిద్దయ్య. చుట్టూ చూశాడు. "మెల్లగ మాట్లాడు బిడ్డా."

ఆమె ఆగిపోయింది. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెల్సా?"

"మిషన్ సంగతి నాకేం తెల్సు? నువ్వు పైపేసిన దినం రెండు పోయి నాలుగయింది. గంతే తెల్సు." నూనె గుడ్డ మడత పెట్టాడు. "ఇరవై రెండేండ్ల సంది నా సిలిండర్కు నాలుగు రాలే."

"తెల్సి ఎందుకు జెప్పలే?"

సిద్దయ్య కుడి మోకాలి మీద చెయ్యి వేసి, దాన్ని మెల్లగా రుద్దాడు. అదే సమాధానం. పద్మలతకు కళ్లు చెమ్మగిల్లాయి.

"కాయితం?"

"రాసిచ్చిన పొద్దుగాలనే. సంతకం వెట్టిన."

"అయ్యో కాకా!"

"ఇను బిడ్డా. నాకింక ఎనిమిది నెలలే నౌకరి. మూతలు తుడ్సుకుంట ఎల్లదీస్త. నీకు శానా ఏండ్లున్నయ్. నువ్వు జేసినవని ఎర్కయితే మిషన్ కాడ కూసోనిస్తరా? ఇయ్యాల పోతపోత గా పైపు తీసేసి పాతదెయ్యి. సోమారం సంది బాలేష్‌వి మంచిగొస్తయ్. ఎవ్వలకు ఏం పరేషాన్ ఉండది."

చూడండి, ఎంత సులువైన దారి చూపించాడో. పానాతో రెండు నట్లు విప్పి, రెండు నట్లు బిగిస్తే చాలు. అంకె దానంతటదే రెండుకు దిగుతుంది. అందరూ చూస్తారు, సిద్దయ్య పోయాడు, గ్యాస్ బాగుపడింది అనుకుంటారు. ఆ మాట ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది.

సాయంత్రం పద్మలత పానా తీసుకుని పైపు దగ్గర కూర్చుంది. నట్టు మీద పానా పెట్టింది. సిద్దయ్య దూరం నుంచి చూసి తల ఊపాడు. ఆమె పానా తీసి బల్ల సొరుగులో పెట్టి, తాళం వేసి, ఇంటికి పోయే ఆటో ఎక్కింది. పైపు ఎలా ఉన్నది అలాగే ఉంది.

*

శనివారం మధ్యాహ్నం ఆమె రఘునందన్ గది తలుపు తట్టింది.

"సార్, ఒక్కపారి మిషన్ కాడికి రాండ్రి. ఒక్క సిలిండరే. రెండుసార్లు సూపిస్త."

సిద్దయ్య సిలిండర్, నీలం పైపు. తొమ్మిది. రఘునందన్ తెలిసిందేగా అన్నట్టు చూశాడు. అప్పుడు పద్మలత చీర కొంగు దోపుకుంది. ఆ సిలిండర్‌ని రెండు చేతులతో వంచింది. ఆమె ఎత్తుంది అది. అంచు మీద దొర్లించడం చూసినంత తేలిక కాదు. రెండడుగులకే పక్కకు పోబోయింది. బాలేష్ పరిగెత్తుకొచ్చాడు. "నువ్వు జరుగు," అందతనితో. ఊపిరి బిగబట్టి, నాలుగు గజాలూ తనే దొర్లించుకొచ్చి బల్ల పక్క నిలబెట్టింది. గజం స్టీలు గొట్టం బిగించింది. పావు తిప్పు. గడియ తెరిచింది.

ఇరవై నిమిషాలు. తొమ్మిది నుంచి అంకె మెట్లు దిగినట్టు దిగింది. ఆరు, నాలుగు, మూడు. రెండూ పాయింటు ఒకటి దగ్గర కూర్చుంది. కదలలేదు.

రఘునందన్ వంగి, నీలం పైపును వేళ్లతో పట్టుకున్నాడు. చదువుకున్నవాడు, ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మెడ దగ్గర నుంచి ఎర్రబడటం మొదలైంది.

"ఇది ఎవరు వేశారు?"

"నేనే సార్."

"నేనే అడిగిన సార్," అన్నాడు సిద్దయ్య కుంటుకుంటూ వచ్చి. "మోకాలు నొస్తాందంటే పాపం..."

"కాకా అడ్గలే సార్. అబద్ధం. కాకా నోరు దెర్సి ఏదీ అడ్గడు, గదే బాధ. నేనే ఏసిన, నాకు నేనే. నాలుగొచ్చిన దినమే సూసుకోలే. ఏం జేస్తరో నన్ను జెయ్యుండ్రి. గా కాయితం మాత్రం కాకాది గాదు."

రఘునందన్ పైపు వదిలి లేచాడు. గోడకు అతికించిన కాగితం దగ్గరికి పోయాడు. మిషన్ ఎలా వాడాలో రాసి ఉన్న కాగితం అది. మూడో వరసలో 'స్టీలు గొట్టం మాత్రమే' అని ఉంది. కింద అతని సంతకమే ఉంది.

"నేను రోజూ ఈ పైపు దాటుకునే వెళ్తున్నానండీ," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "తట్టుకుని పడబోయాను కూడా ఒకసారి."

రఘునందన్ తన గదిలోంచి, సిద్దయ్య రాసిచ్చిన కాగితం తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టి సిద్దయ్య చేతికే ఇచ్చాడు. తర్వాత పద్మలత ముందు తెల్లకాగితం పెట్టాడు. "అడక్కుండా మార్చడం తప్పేనండీ. అది రాయాలి."

ఆమె రాసింది. పైపు మార్చిన తేదీ, అంకె నాలుగైన తేదీ, అన్నీ. సంతకం పెట్టి జరిపింది. రఘునందన్ పెన్ను తీసుకుని ఆ సంతకం కింద ఇంకో వాక్యం రాశాడు. 'చూసి కూడా అడగలేదు.' దాని కింద తన పేరు రాసుకున్నాడు.

అప్పుడు తల ఎత్తి, "సిద్దయ్యగారూ, నేను..." అన్నాడు.

"అయిదో నంబరు గట్టిగయింది సార్," అన్నాడు సిద్దయ్య. "దానికింత గ్రీజు దెప్పియ్యుండ్రి."

*

సోమవారం పద్మలత గంట ముందే బయల్దేరింది. స్టీలు గొట్టం గజమే. ఇక ప్రతి సిలిండరూ బల్ల దాకా రావాల్సిందే. తనే దొర్లించాలని లెక్క వేసుకుంది. ఆదివారం వజ్రమ్మ ఆమె భుజాలకు నువ్వులనూనె రాసింది కూడా.

షెడ్డులోకి అడుగుపెట్టి, తన మూల దగ్గర ఆగిపోయింది. బల్ల లేదు. బల్ల కాళ్లు ఆనిన చోట నాలుగు నల్లటి చతురస్రాలు, వాటి చుట్టూ పదకొండేళ్ల దుమ్ము.

"ఇటు ఇటు! గోడ దిక్కు సూస్తవేందక్కా?" అని బాలేష్ కేక.

సిలిండర్ల వరస పక్కనే, నింపే చోటికి మూడడుగుల దూరంలో, ఇనప బల్ల నిలబడి ఉంది. దాని మీద మిషన్. పక్కన గొలుసుతో చిన్న సిలిండర్. గోడ దగ్గర నుంచి కరెంటు వైరును పైన రేకుల కింద కట్టి, దించి, తగిలించారు. రఘునందన్ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, గొట్టం కొలుస్తున్నాడు. ఒక చేతికి గ్రీజు.

"గొట్టం గజమే సరిపోయిందండీ," అన్నాడు ఆమెను చూసి. "ఇన్నేళ్లూ సిలిండర్లను బల్ల దగ్గరికి తెస్తున్నాం. బల్లకు కాళ్లున్నాయని ఎవరికీ తట్టలేదు."

"నాలుగు కాళ్లున్నయ్ సార్ దానికి, నాకు ఒకటిన్నరనే," అన్నాడు సిద్దయ్య స్టూలు మీంచి. బాలేష్ పడీపడీ నవ్వాడు. రఘునందన్‌కు నవ్వాలో లేదో తెలియక, ముందు చూసి, తర్వాత నవ్వాడు.

జరిపినప్పుడు మిషన్ ఊగింది కాబట్టి పద్మలత మళ్లీ చిన్న సిలిండర్‌తో సరిచూసింది. ఎనిమిదీ రెండు. పదకొండింటికి సిద్దయ్య మొదటి సిలిండర్ నిండింది. ఉన్నచోటనే గొట్టం తగిలించారు. రఘునందన్ రిజిస్టరు తెరిచి, స్కేలు పెట్టి, కొత్తగా ఒక గడి గీశాడు. గడి పైన 'చుక్కలు' అని రాశాడు.

"ఎన్ని సిద్దయ్యగారూ?"

"మూడు సార్."

వంగి చూడకుండానే మూడు అని రాసుకున్నాడు.

అంకె దిగుతోంది. నాలుగు, మూడు, రెండున్నర. బాలేష్ గుడ్లప్పగించి చూస్తున్నాడు. పద్మలత చూస్తోంది. సిద్దయ్య ఒక్కడే అంకె వైపు చూడటం లేదు. తలుపు సందులోంచి ఎండ మెల్లగా జరిగి కొత్తచోటికి వచ్చిన మిషన్ పక్కమీద పడటం చూస్తున్నాడు. స్టూలు మీంచి లేచాడు. రెండడుగులు వేసి, చేతి వెనకవైపు మిషన్ ఒంటికి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"గిది కాలుతాంది బిడ్డా," అన్నాడు. తలపాగా విప్పి, రెండు మడతలు వేసి, ఎండ పడే వైపు మేకుకు అడ్డంగా కట్టాడు. "పొద్దంత పని జేసేది. దీనికీ ఇంత నీడ గావాలె."